లెక్కతో మాటలను వెదకిన మహనీయుడు



మీ తాతలు తోటలోని బడికి పలక పట్టుకొని వెళ్ళేవారు. పలక అనే మాటలో మూడు అక్షరాలు ఉన్నాయి: ప, ల, క. వీటిని మూడు చీటీలపై రాసి, స్థానాలు మార్చి మార్చి పేర్చి చూడండి. పలక, పకల, లపక, లకప, కపల, కలప. ఆరు వరుసలు వచ్చాయి. ఏడవ వరుస ఎంత ప్రయత్నించినా రాదు. ఈ ఆరింటిలో తెలుగు మాటలు ఏవి?

గత సంవత్సరం నా తరగతిలో ఈ ప్రశ్న వేశాను. పలక ఒక్కటే మాట అనీ, మిగిలిన ఐదూ లేని మాటలనీ దాదాపు అందరూ రాశారు. ఒక విద్యార్థిని మాత్రం కలప అన్న చోట ఏమీ రాయకుండా ఖాళీగా వదిలింది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి అమ్మమ్మను అడిగింది. ఇళ్ళు కట్టడానికీ, బల్లలు చేయడానికీ వాడే కొయ్యనే కలప అంటారని తెలుసుకొని మరునాడు వచ్చి చెప్పింది. తక్కినవారు తమకు తెలియని మాటను లేని మాటగా భావించారు. ఆమె అలా భావించలేదు. లేనిది వేరు, తెలియనిది వేరు.

ఆ బాలిక మూడు అక్షరాలతో చేసిన పనిని పన్నెండు వందల సంవత్సరాలకు పూర్వం ఒక పండితుడు ఒక భాష మొత్తానికి చేయబూనారు. ఆయన పేరు అల్ ఖలీల్ ఇబ్న్ అహ్మద్ అల్ ఫరాహీదీ. ఇబ్న్ అంటే కుమారుడు. మన దేశంలో మలయ్ మిత్రుల పేర్లలో మీరు చూసే బిన్ అన్నది కూడా ఈ మాటే. అంటే ఈయన అహ్మద్ కుమారుడైన ఖలీల్. అరబ్బీ భాషకు తొలి నిఘంటువును సంకల్పించినవారుగా, ఛందశ్శాస్త్రాన్ని స్థాపించినవారుగా ఆయన కీర్తి నేటికీ నిలిచి ఉంది.

ఖలీల్ సుమారు 718లో ఒమాన్ దేశంలో, అజ్ద్ అనే తెగకు చెందిన ఫరాహీద్ శాఖలో జన్మించారు. చిన్ననాడే బస్రా నగరానికి చేరి, జీవితమంతా అక్కడే గడిపారు. బస్రా నేటి ఇరాక్ దేశానికి దక్షిణాన ఉన్న రేవుపట్టణం. ఆ కాలంలో పారశీకం నుండి, మన భారతదేశం నుండి ఓడలు అక్కడికి వచ్చేవి. అనేక జాతుల ప్రజలు ఆ వీధులలో కలిసి జీవించేవారు. వారందరూ అరబ్బీ నేర్చుకొని, తమకు తోచిన తీరున మాట్లాడేవారు. పట్టణపు భాష మారిపోతుండగా, ఎడారిలోని పాత మాటలను ఎరిగినవారు క్రమంగా తగ్గిపోతారేమోనని పండితులకు చింత పట్టుకుంది. మాటలను భద్రపరచాలి. అయితే ఎక్కడినుండి తేవాలి?

ఖలీల్ అందుకు సమాధానాన్ని ఎడారిలో వెదికారు. కిసాయీ అనే మరొక పండితుడు ఇంతటి విద్యను ఎక్కడ సంపాదించారని అడుగగా, హిజాజ్, నజ్ద్, తిహామా ప్రాంతాల ఎడారులలో సంపాదించానని ఖలీల్ బదులు చెప్పినట్లు పూర్వ గ్రంథాలలో ఉంది. విద్యార్థులారా, పటంలో సౌదీ అరేబియాను చూడండి. పడమటి దిక్కున, మక్కా, మదీనా నగరాలున్న కొండల ప్రాంతం హిజాజ్. నడుమ, నేటి రాజధాని రియాద్ ఉన్న పీఠభూమి నజ్ద్. ఎర్రసముద్రపు ఒడ్డున ఉన్న పల్లపు నేల తిహామా. సౌదీ అరేబియా అనే రాజ్యం 1932లో ఏర్పడింది. ఖలీల్ కాలంలో ఆ పేరు లేదు. ఆ నేల ఉంది. ఒంటెలను మేపుకుంటూ, గుడారాలలో నివసించే బెదుయీనులు ఉన్నారు. వారికి చదువు రాకపోయినా వారి నోట మాట చెడలేదని పండితుల విశ్వాసం. అందువల్ల గొప్ప పండితుడు వెళ్ళి గొర్రెల కాపరి ఎదుట శిష్యునివలె కూర్చున్నాడు.

ఖలీల్ మక్కా యాత్రకు వెళ్ళిన కథ ఒకటి ఉంది. మన పొరుగువారు నేడు విమానంలో వెళ్ళే హజ్ యాత్రను ఆ కాలపు వారు బస్రా నుండి నజ్ద్ ఎడారి మీదుగా ఒంటెలపై చేసేవారు. మక్కాలో ఆయన ధనాన్నిగాని, పదవినిగాని కోరలేదట. తనకు పూర్వం ఎవరికీ లభించని ఒక విద్యను ప్రసాదించమని దైవాన్ని ప్రార్థించారట. బస్రాకు తిరిగివచ్చిన పిమ్మట ఆయనకు ఛందశ్శాస్త్రం స్ఫురించిందని ఆ కథ చెబుతుంది. అంగడి వీధిలో లోహపు పాత్రలపై పడే సుత్తి దెబ్బల చప్పుడు వింటూ, ఆ లయలో పద్యపు నడకను ఆయన గుర్తించారని మరొక కథ ఉంది.

ఛందస్సు అనగానే మీకు గురులఘువులు గుర్తుకు రావాలి. మన పద్యాలలో మూడు అక్షరాల గణాలు ఎన్ని? ఎనిమిది: య, మ, త, ర, జ, భ, న, స. ఏడుగానో, తొమ్మిదిగానో లేక ఎనిమిదే ఎందుకున్నాయో ఎన్నడైనా ఆలోచించారా? మొదటి స్థానంలో గురువుగాని, లఘువుగాని ఉండవచ్చు. అవి రెండు మార్గాలు. రెండవ స్థానంలోనూ రెండు, మూడవ స్థానంలోనూ రెండు. రెండును రెండుతో, మళ్ళీ రెండుతో గుణిస్తే ఎనిమిది. మన పూర్వులు లెక్క కట్టి, ఒక్క గణాన్నీ వదలకుండా అన్నింటికీ పేర్లు పెట్టారు.

ఖలీల్ అరబ్బీ పద్యాలకు ఇటువంటి పనినే వేరొక ఉపాయంతో చేశారు. ఆయన ఛందస్సులను ఐదు వలయాలపై అమర్చారు. 1, 2, 3, 4 అనే అంకెలను గుండ్రంగా, పూసల దండవలె రాయండి. ఒకటి నుండి మొదలుపెట్టి చుట్టూ చదివితే 1234. రెండు నుండి మొదలుపెడితే 2341. తరువాత 3412, 4123. దండ ఒక్కటే, మొదలుపెట్టిన చోటును బట్టి వరుస మారుతుంది. ఖలీల్ తన వలయాలపై పద్యపాదాలను ఈ విధంగానే చదివారు. వచ్చిన వరుసలలో పదిహేనింటిని కవులు వాడుతున్నారని గుర్తించారు. మరికొన్ని వరుసలు లెక్కకు వచ్చాయి గాని, వాటిలో పద్యాలు కనిపించలేదు. ఆయన వాటిని చెరిపివేయలేదు. వాటి స్థానాలు వలయాలపై అలాగే ఉండిపోయాయి. ఆయన తరువాత అఖ్ఫష్ అనే పండితుడు అలా ఖాళీగా ఉన్న ఒక వరుసను పదహారవ ఛందస్సుగా చేర్చాడని సంప్రదాయం చెబుతుంది. స్థానం ముందే సిద్ధంగా ఉంది కనుక వచ్చిన అతిథి సులభంగా కూర్చున్నాడు.

ఇక నిఘంటువు విషయానికి వద్దాం. ఒక భాషలోని మాటలన్నిటినీ ఒక గ్రంథంలో చేర్చాలని మీరు సంకల్పించారనుకోండి. వినిన మాటనల్లా రాసుకుంటూ పోతే, ఒకనాటికి అలసిపోయి ఇక చాలని ఆపుతారు. అయితే ఏదైనా మాట మిగిలిపోయిందా? ఆ విషయం ఎలా తెలుస్తుంది? పోయిన దానికి గుర్తు ఉండదు కదా! ఖలీల్ గొప్పతనం ఇక్కడే ఉంది. మాటలను ఏరుకోవడానికి ముందే, ఎన్ని మాటలకు అవకాశం ఉందో ఆయన లెక్క కట్టదలచారు.

అరబ్బీలో ఒక సౌకర్యం ఉంది. ఆ భాషలోని మాటలకు సాధారణంగా మూడు హల్లుల మూలం ఉంటుంది. రెండు, నాలుగు, ఐదు హల్లుల మూలాలు కూడా ఉన్నాయి. క, త, బ అనే మూడు హల్లులను తీసుకుందాం. వాటినుండి రాయడం అనే అర్థంలో కతబ, పుస్తకమనే అర్థంలో కితాబ్, చదువుకొనే చోటు అనే అర్థంలో మక్తబ్ పుట్టాయి. నేను ఉపాధ్యాయ శిక్షణ పొందిన కళాశాలను ఆ రోజులలో మలయ్ భాషలో మక్తబ్ అనే పిలిచేవారు. ఎడారిలో పుట్టిన మూడు హల్లులు సముద్రాలు దాటి మన ఊరి కళాశాల ద్వారం మీద కూర్చున్నాయి!

ఆ మూడు హల్లుల వరుస మార్చితే వేరే మూలాలు వస్తాయి. రెండు హల్లులను రెండు విధాలుగా, మూడింటిని ఆరు విధాలుగా, నాలుగింటిని ఇరవైనాలుగు విధాలుగా, ఐదింటిని నూట ఇరవై విధాలుగా పేర్చవచ్చునని ఖలీల్ గ్రంథపు పీఠిక వివరిస్తుంది. ఈ సంఖ్యలు ఎలా వచ్చాయో గమనించండి. రెండును ఒకటితో గుణిస్తే 2. దానిని మూడుతో గుణిస్తే 6. దానిని నాలుగుతో గుణిస్తే 24. దానిని ఐదుతో గుణిస్తే 120. మనం పలకతో ఆడిన ఆటలో ఏడవ వరుస ఎందుకు రాలేదో ఇప్పుడు తెలిసింది కదా.

ఇప్పుడు భాష మొత్తానికి లెక్క వేద్దాం. అరబ్బీ అక్షరాలు 28. రెండు వేర్వేరు అక్షరాల మూలంలో మొదటి స్థానానికి 28 అక్షరాలలో ఏదైనా రావచ్చు. అది కూర్చున్న తరువాత రెండవ స్థానానికి 27 మిగులుతాయి. 28ని 27తో గుణిస్తే 756. మూడవ స్థానానికి 26 మిగులుతాయి. అందువల్ల మూడక్షరాల మూలాలు 19,656. నాలుగవ స్థానానికి 25 మిగులుతాయి కనుక నాలుగక్షరాలవి 491,400. ఐదవ స్థానానికి 24 మిగులుతాయి కనుక ఐదక్షరాలవి 11,793,600. ఈ నాలుగు సంఖ్యలను మీరే కూడండి. మొత్తం 12,305,412. మన గణిత పుస్తకం ప్రకారం పన్నెండు మిలియన్లకు పైగా, తెలుగులో ఒక కోటి ఇరవైమూడు లక్షల ఐదు వేల నాలుగు వందల పన్నెండు. ఇది ఖలీల్ లెక్క అని తరువాతి అరబ్బీ పండితులు తమ గ్రంథాలలో నమోదు చేశారు.

అయితే కోటికి పైగా వరుసలను ఒక్కొక్కటిగా ఎవరు పరిశీలించగలరు? ఖలీల్ ఇక్కడ మరొక ఉపాయం పన్నారు. వరుసతో నిమిత్తం లేకుండా ఏ అక్షరాలు కలిశాయో మాత్రమే చూస్తే దానిని సంయోగం అంటాం. వరుసను కూడా చూస్తే దానిని ప్రస్తారం అంటాం. మూడక్షరాల సంయోగం ఒక్కొక్కటి ఆరు ప్రస్తారాలను ఇస్తుంది. కనుక 19,656ను ఆరుతో భాగిస్తే 3,276 సంయోగాలు వస్తాయి. ఖలీల్ ఒకే అక్షరాలతో వచ్చే వరుసలన్నిటినీ ఒకే చోట చేర్చి, వాటిలో ఏవి వాడుకలో ఉన్నాయో, ఏవి లేవో గుర్తించే పద్ధతిని ఏర్పరచారు. ఒక అక్షరం ఉన్న సంయోగాలన్నీ పూర్తయిన తరువాత, ఆ అక్షరాన్ని పక్కన పెట్టి తరువాతి అక్షరానికి వెళ్ళేవారు. అందువల్ల ఏ మాటా రెండుసార్లు రాదు. ఏ మాటా జారిపోదు. ఒక గది ఖాళీగా కనబడితే, ఆ మాట లేదని చెప్పడానికి ముందు ఎడారి ప్రజల వాడుకలో అది ఉన్నదా అని విచారించాలి. లెక్క ప్రశ్నలను ఇచ్చింది. సమాధానాలను మాత్రం మనుషులే ఇవ్వాలి.

ఆ గ్రంథంలోని అక్షరక్రమం కూడా మీకు ఆనందం కలిగిస్తుంది. మన వర్ణమాలలో క వర్గం కంఠంలో, చ వర్గం తాలువులో, ట వర్గం మూర్ధంలో, త వర్గం దంతాల వద్ద, ప వర్గం పెదవుల వద్ద పుడతాయని చదువుకున్నారు కదా. ఖలీల్ కూడా అరబ్బీ అక్షరాలను కంఠం లోపలినుండి మొదలుపెట్టి, పెదవుల వరకు వరుసగా అమర్చారు. గొంతు లోతులో పుట్టే ఐన్ అనే అక్షరంతో ఆయన మొదలుపెట్టారు. అందుచేత ఆ నిఘంటువుకు కితాబ్ అల్ ఐన్, అంటే ఐన్ గ్రంథం, అనే పేరు వచ్చింది. అరబ్బీ రాతలో అక్షరాలకు పైన, కింద పెట్టే చిన్న అచ్చు గుర్తులను తీర్చిదిద్దిన ఘనతను కూడా సంప్రదాయం ఆయనకే ఇస్తుంది.

విద్యార్థులారా, ఇంతటి పండితుడు ఎలా జీవించారో తెలుసుకోండి. బస్రాలో ఆయన నివాసం రెల్లుతో కట్టిన గుడిసె. ఆయన విద్యతో శిష్యులు ధనం సంపాదించుకుంటుండగా ఆయన చేతిలో రెండు కాసులు కూడా ఉండేవి కావని ఒక శిష్యుడు చెప్పుకున్నాడు. ఒక రాష్ట్రాధికారి తన కొలువుకు రమ్మని దూతను పంపినప్పుడు, ఖలీల్ ఎండిన రొట్టెముక్కను చూపి, ఇది ఉన్నంతవరకు తనకు ఆ అధికారితో పని లేదని చెప్పి పంపారట. ఆయన శిష్యులలో సీబవైహి ఒకరు. పారశీకుడైన సీబవైహి రచించిన అరబ్బీ వ్యాకరణాన్ని పండితులు ఈనాటికీ గౌరవిస్తారు. పరాయి భాషవాడు అరబ్బీకి గొప్ప వ్యాకరణం రచించాడంటే ఆ గురువు బోధన ఎటువంటిదో ఊహించండి.

ఖలీల్ మరణం గురించి కూడా ఒక కథ ఉంది. అంగడికి వెళ్ళిన పనిపిల్లను కూడా వర్తకుడు మోసగించలేనంత సులభమైన లెక్క పద్ధతిని కనిపెట్టాలని ఆయన ఆలోచిస్తూ మసీదులోకి నడిచారట. పరధ్యానంలో ఒక స్తంభానికి తగిలి పడి, ఆ దెబ్బతోనే మరణించారట. అది సుమారు 786వ సంవత్సరం. కోటి దాటిన లెక్క వేసిన మహాపండితుడు చివరి ఘడియలో ఒక పేదపిల్ల చేతిలోని చిల్లర గురించి ఆలోచించాడని చెప్పే ఈ కథ నాకు ఎంతో ఇష్టం.

నిఘంటువు ఆయన చేతిమీదుగా పూర్తి కాలేదు. ఖురాసాన్‌కు చెందిన లైస్ అనే శిష్యుడు దానిని పూర్తి చేశాడని పండితులు చెబుతారు. అయినా ఎవరు పూర్తి చేసినా, పద్ధతి గురువుది. గదులు కట్టి ఉన్నాయి, నింపవలసిన పని మాత్రమే మిగిలింది.

ఈ విద్య అక్షరాలకే పరిమితం కాదు. అక్షరాలకు బదులు అంకెలు పెట్టండి. 1, 2, 3 అంకెలతో 123, 132, 213, 231, 312, 321 అనే ఆరు సంఖ్యలు వస్తాయి. 1150లో భాస్కరాచార్యులు రచించిన లీలావతి గ్రంథంలో అంకపాశం అనే ప్రకరణం పూర్తిగా ఈ విషయానికి చెందినదే. ఇచ్చిన అంకెలతో ఎన్ని సంఖ్యలు వస్తాయో మాత్రమే గాక, ఆ సంఖ్యలన్నిటి మొత్తాన్ని కనుగొనే మార్గం కూడా అందులో ఉంది. పై ఆరు సంఖ్యలను కూడితే 1332 వస్తుంది. ఒక్కొక్కటిగా కూడకుండా ఆ మొత్తాన్ని ఎలా చెప్పవచ్చో మీరు ఆలోచించండి. ప్రతి స్థానంలో ఒక్కొక్క అంకె ఎన్నిసార్లు వచ్చిందో గమనిస్తే దారి దొరుకుతుంది.

చివరగా ఒక సొంత మాట. మా తాత విశాఖపట్నం ప్రాంతం నుండి ఓడలో వచ్చి బాగాన్ దాతో కొబ్బరి తోటలో కూలిగా చేరారు. నేడు జెద్దా, రియాద్, దమ్మాం నగరాలలో తెలుగువారు పనిచేస్తున్నట్లే, ఆనాడు మనవారు ఇక్కడికి వచ్చారు. మా నానమ్మ అక్కను అప్ప అనేది, పిల్లవాణ్ణి గుంటడు అనేది, రాగులను చోళ్ళు అనేది. నేను చిన్నతనంలో ఆ మాటలు మా పాఠ్యపుస్తకంలో లేవు కనుక అవి తప్పు మాటలు అనుకున్నాను. నానమ్మను అడగలేదు. పెద్దవాణ్ణయి, అవి ఉత్తరాంధ్రలో ఈనాటికీ వాడుకలో ఉన్న మంచి మాటలని తెలుసుకునేసరికి ఆమె లేదు. ఆమెతో పాటు ఇంకెన్ని మాటలు వెళ్ళిపోయాయో నేను లెక్కపెట్టలేను. లెక్క రాసి పెట్టుకోలేదు కనుక.

మీరు అలా చేయకండి. ఈ వారం మీ నోటు పుస్తకంలో ఏవైనా మూడు అక్షరాలు తీసుకొని ఆరు వరుసలూ రాయండి. మన భాష అరబ్బీ వంటిది కాదు కనుక, చాలా వరుసలు ఖాళీగానే మిగులుతాయి. అయినా తెలిసిన మాట ఎదురుగా అర్థం రాయండి. తెలియని దాని ఎదుట లేదు అని రాయకండి, ఖాళీగా ఉంచండి. తరువాత ఆ పుస్తకం తీసుకొని మీ అమ్మమ్మ దగ్గరో, నానమ్మ దగ్గరో, తాత దగ్గరో కూర్చోండి. ఖలీల్ ఎడారిలో కాపరుల ఎదుట కూర్చున్నంత వినయంతో కూర్చోండి. వారు చెప్పిన మాటలను ఆ ఖాళీలలో రాసి, వచ్చే వారం తరగతికి తీసుకొని రండి.